వంకర తోక తేలు

ఒక మాట ఏళ్ళ తరబడి నా గొంతులో ముల్లులా ఉండిపోయింది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళయితే నన్ను వెనకేసుకొస్తారు. అది నాకు వద్దు.

విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో ఓదార్చడం నా ఉద్యోగం. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులు. పనిలో చెయ్యో కాలో పోగొట్టుకున్నవాళ్ళు, కొడుకు పోయినవాళ్ళు, అందరి పక్కనా కూర్చునేదాన్ని. తొందరపెట్టకుండా వినేదాన్ని. ఆయాలు నన్ను 'ఏడుపులమ్మగోరు' అని ఎగతాళి చేసేవాళ్ళు. నాకు లోలోపల గర్వంగానే ఉండేది.

నూకాలు యారాడ అనే బెస్తపల్లె పిల్ల. మొగుడు చేపల వేటకెళ్ళిన తెప్ప తుఫానులో తిరిగి రాలేదు. నిండు చూలాలు. రక్తం పోతూంటే మా వార్డులో చేర్చారు. అన్నం ముట్టేది కాదు. రోజూ వెళ్ళి పక్కన కూర్చోగా కూర్చోగా నోరు విప్పింది. జాతరలో ఇద్దరూ పచ్చబొట్లు పొడిపించుకున్నారట. ఆమెకు పువ్వు, అతనికి కుడిచేతి మీద తేలు. చక్కిలిగింత పుట్టి నవ్వుతూ చెయ్యి కదిపాడట, తోక వంకరపోయింది. అది చెప్పి ఆమె చాలాసేపు ఏడ్చింది.

తర్వాత ఒకరోజు ఒడ్డుకు కొట్టుకొచ్చిన శవాన్ని పోలీసులు మా ఆసుపత్రి మార్చురీకి తెచ్చారు. మొహం ఆనవాలు పట్టేలా లేదు. ఎవరిదో తెలియదన్నారు. వెళ్ళి చూశాను. కుడిచేతి మీద తేలు. వంకర తోక.

అక్కడ నోరు తెరవలేదు. ముందు ఆమెకు చెప్పాలనుకుంటూ మెట్లెక్కాను. నిజంగా చెప్పాలనే వెళ్ళాను. నన్ను చూడగానే లేచి కూర్చుంది.

"అమ్మగోరూ, మావోళ్ళు గాజులు తీసీమంటన్నారు. నాను తియ్యనన్నాను. మీరు సెప్పండి, మా మావ వత్తాడా?"

"వస్తాడమ్మా," అన్నాను.

ఆ పూట ఆమె అన్నం తింది. నా ఓదార్పు పనిచేసిందని అందరూ మెచ్చుకున్నారు. అతన్ని దిక్కులేని శవాలతోపాటు పాతిపెట్టేశారు.

ఎందుకలా అన్నాను? దయ అనుకున్నాను. కాన్పయ్యాక చెబుదామనుకున్నాను. ఆడపిల్ల పుట్టింది. బాలింత కదా, కోలుకోనీ అనుకున్నాను. ఆ తర్వాత చెప్పాలంటే అతను పోయాడని ఒక్కటే చెబితే చాలదు, నేను అబద్ధమాడానని కూడా చెప్పాలి. అక్కడ ఆగిపోయాను. ఆమె ఏడుపు చూడలేకనా? కాదు. ఆ ఏడుపు నా మీదికి తిరుగుతుందని భయం. దానికి దయ అని పేరు పెట్టుకున్నాను.

మాది పొలాల ఊరు. మాకు చావంటే వాకిట్లో శవం, చుట్టూ నలుగురు, పదోనాటికి కాస్త తెరిపి. మనిషిని సముద్రం తీసుకుపోతే ఏడవడానికైనా ఒక ఆనవాలు కావాలని నాకు తట్టలేదు. ఆనవాలు చూసినదాన్ని నేనే.

పెద్దలు కర్మ చేయిద్దామంటే నూకాలు ఒప్పుకోలేదు. కొన్నాళ్ళకు వాళ్ళ పల్లెలోనే ఒకతను మారుమనువు అడిగాడు. పిల్లనీ చూసుకుంటానన్నాడు. మంచివాడే. వాళ్ళలో అది తప్పు కాదు కూడా. "మావ వత్తాడని అమ్మగోరు సెప్పారు," అని పంపేసిందట. ఆ సంగతి ఆమే నాకు నవ్వుతూ చెప్పింది. నేను తలూపాను.

ఇప్పుడు ఈ పనిలో కొత్తగా చేరినవాళ్ళకు నేను పాఠాలు చెబుతున్నాను. వినండి, తొందరపడకండి, లేని ఆశ పెట్టకండి అంటాను. సిగ్గు లేకుండా అంటాను.

నూకాలు ఇప్పటికీ వస్తూంటుంది. బొట్టుతో, గాజులతో. నా కోసం ఎండు నెత్తళ్ళ చేపలు పొట్లం కట్టి తెస్తుంది. వండుకుని తింటాను. మొన్న వచ్చినప్పుడు చెప్పేయాలని గదిలోకి పిలిచి తలుపు వేశాను. ఆమె నా మొహంలోకి చూసింది.

"ఏటమ్మగోరూ, శానా అలిసిపోనారు. ఒక్కపాలి కూకోండి."

నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చుంది. ఏమీ అడగలేదు. తొందరపెట్టలేదు. అంతసేపు కూర్చున్నా నేను చెప్పలేదు.

ఆమెకు చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. ఇది సరిపోదు, తెలుసు. అయినా ఊపిరి కాస్త ఆడుతోంది. ఇంతవరకూ ఎవరి ముందూ అనని మాట ఇదొక్కటే. అతను చచ్చిపోయాడు. నేను చూశాను.