మబ్బును అడగాల్సిన మాట

మా వాకాడు వైపు ఎత్తంటే తుపాను షెల్టరు మేడే. కొండల్లో మబ్బులు ఇళ్లలోకే వచ్చేస్తాయని ఎవరో చెప్పగా విన్నప్పటి నుంచి అమ్మది ఒకటే పట్టు. ఒక్కసారి మబ్బును చేత్తో పట్టుకోవాలి, ఎదురుగా నిలబెట్టి కడిగెయ్యాలి. ముందటేడు కోతలప్పుడు కురిసిన వానకు మా వరి పనల మీదే మొలకెత్తింది. ఆ కోపం ఆమెకు ఇంకా చల్లారలేదు.

సరేనని ఈసారి కోతలయ్యాక, వడ్లు కళ్లంలో ఆరబోసి, తమ్ముణ్ణి కాపలా పెట్టి, అమ్మనూ నాయననూ ఒక కొండ మీది రిసార్టుకు తీసుకుపోయాను. పన్నెండు నెలలూ వినోదమేనని వాళ్ల ప్రకటన. తీరా పోయాక మేనేజరు తాపీగా వివరించాడు. జలపాతం వానాకాలంలోనట, పూలు చలికాలంలోనట. మరి ఇప్పుడేముందయ్యా అంటే, సూర్యోదయమూ బోటింగూ అన్నాడు.

పుట్టినప్పటి నుంచి సముద్రంలోంచి పొద్దు పొడవడం చూస్తున్న మా నాయనను చీకట్లో లేపి, జీపెక్కించి, పొద్దు చూపించుకొచ్చాను. తర్వాత మోకాలి లోతు గుంటలో హంస బొమ్మ పడవ. ఆ లోతుకే నాయనకు లైఫ్ జాకెట్ కూడా తొడిగారు. నాయన అందులో బిగుసుకుని కూర్చుని, ఈ నీళ్లుంటే అరెకరం నాటొచ్చు గదా అని గట్టు దాకా గొణిగాడు. మధ్యాహ్నం స్పెషలని చేపల పులుసు పెట్టారు. అమ్మ ఒక్క ముద్ద తిని, ఈ చేప మనకంటే చాలా ముందే బయల్దేరినట్టుందని తేల్చేసింది.

మబ్బు జాడ మాత్రం లేదు. ఆకాశం కడిగిన కంచంలా ఉంది. అమ్మ వరండాలో కుర్చీ వేసుకుని, రాని బస్సు కోసం చూసినట్టు లోయలోకి చూస్తూనే ఉంది. నాకు బాధేసింది. పొలం వదిలి ఆమె మళ్లీ ఎప్పుడు కదులుతుంది?

తిరిగి బయల్దేరాల్సిన రోజు పొద్దున వచ్చింది మబ్బు. లోయలోంచి లేచి, వరండా దాటి, ఏకంగా గదిలోకి దూరింది. వ్యూ పోయిందని పక్క గదులవాళ్లు మేనేజరు మీద పడ్డారు. నాయన దుప్పటి విసిరేసి తమ్ముడికి ఫోన్ కొట్టాడు.

"రేయ్, వడ్ల మీద పట్టలు కప్పండి. మబ్బు కమ్మేసింది."

ఇక్కడ ఎండ మాడ్చేస్తోంది నాయనా అని వాడు మొత్తుకున్నా వినలేదు. పట్టలు కప్పినామని వాడు ఒప్పుకునేదాకా ఫోన్ పెట్టలేదు.

అమ్మ వరండా చివరకు వెళ్లి చేయి చాపింది. ఇన్నాళ్లుగా తిట్లు కూడబెట్టుకున్న మనిషి, చేయి తడిసేసరికి రెండో చేయీ చాపింది. పక్కింటి పిల్లకు నచ్చజెప్పినట్టు మెల్లగా అంది.

"నాట్లప్పుడు రామ్మా, నీ కోసమే కాచుకోనుంటాం. కోతలప్పుడు మాత్రం ఈడనే ఉండిపో తల్లీ. ఈడ పన్నెండు నెలలూ ఏదో ఒకటి చూపిస్తారంట."