తాకి చూసే నమూనాకు అద్దాల పెట్టె

శిథిలాల దగ్గర కాపలా కాసే ఆయన్ని తోటి ఉద్యోగులు ‘తాకొద్దుగారు’ అనేవారు. రోజంతా ఆయన నోట వినబడేది ఆ మాటే మరి. గోడ మీద ఎవరి చెయ్యయినా పడకముందే ఆయన గొంతు లేచేది.

చూపు లేనివాళ్ల కోసం ఆ పాత నగరానికి చిన్న నమూనా చేయించారు. వీధులు, గోడలు, బావులు అన్నీ వేళ్లతో తడిమి తెలుసుకునేలా. ప్రారంభం రోజున వక్తలు ‘అందరికీ అందుబాటు’ అన్న మాటను అరగదీసి, ఫొటోలు దిగి వెళ్లిపోయారు. మర్నాటి నుంచి పిల్లల జిడ్డు చేతులు దాని మీద పడ్డాయి. తాకొద్దుగారి ప్రాణం విలవిల్లాడింది. పైవాళ్లను బతిమాలి, దానికి అద్దాల పెట్టె తనే బిగించాడు. అధికారి భుజం తట్టాడు.

ఆయన అక్కకు చూపు పోయి కొన్నేళ్లయింది. చిన్నప్పుడు తమ్ముణ్ణి చంకనేసుకుని తిరిగిన మనిషి. వీడు జీవితమంతా ఏ గోడలకు కాపలా కాశాడో ఒక్కసారి తెలుసుకోవాలని ఆమె కోరిక. ఫోన్ చేసినప్పుడల్లా ఈయన గొప్పలు పోయేవాడు, నీలాంటివాళ్ల కోసమే పెట్టాం, వచ్చి చూడమని. పెట్టె సంగతి దాచాడని కాదు. అది చెప్పాల్సిన సంగతని తోచనే లేదు.

ఆమె బస్సులు మారి వచ్చింది. తోటివాళ్లు చూస్తుండగా చెయ్యి పట్టుకుని దర్జాగా తీసుకెళ్లి, ఇదేనన్నాడు. ఆమె వేళ్లు చాచి అటూ ఇటూ జరిపింది.

“చాలా నున్నగా చేశార్రా. ఊరంతా చదునేనా?”

టికెట్ల అమ్మాయి పక్కకు తిరిగి నవ్వాపుకుంది. ఆయన ముఖం కందగడ్డయింది. అద్దం మీద అక్క వేలిముద్రలు పడ్డాయి. తుడిచే గుడ్డ కోసం ఆయన చెయ్యి అలవాటుగా జేబులోకి వెళ్లింది. ఆ చేతిని చూసుకుని ఇంకా సిగ్గుపడ్డాడు.

“అద్దం ఉందక్కా.”

“ఎవరు పెట్టార్రా?”

పైవాళ్లు పెట్టారని చెబుదామని నోటిదాకా వచ్చింది. “నేనే.”

ఎవరినీ అడక్కుండా, మోకాళ్ల మీద కూర్చుని తుప్పు పట్టిన స్క్రూలు ఒక్కొక్కటే ఊడదీశాడు. ఆమె ఓపిగ్గా నిలబడింది. అద్దం తొలగాక వీధి వీధీ తడిమి, బావిలో వేలు పెట్టి నవ్వి, నువ్వెక్కడుంటావని అడిగింది. ఆమె వేలిని ద్వారం దగ్గర పెట్టాడు. ఆ వేలు అక్కడే ఆగింది.

“ఇక్కడ నిలబడి మాలాంటివాళ్లని లోపలికి తీసుకెళ్తుంటావనుకున్నాన్రా.”

తిట్టినా బాగుండేది.

ఇంతలో ఎవరిదో పిల్ల ఒకతె వచ్చి, అక్క చేతి పక్కనే తన జిడ్డు చెయ్యి పెట్టింది. ఆయన నోరు తెరిచాడు. మెల్లగా మూసుకున్నాడు.