సింహాచలం బాబాయ్ అడిగిన కరెంటు కథ

సముద్రం మీంచి గాలి వీచినప్పుడల్లా మా సబ్‌స్టేషన్‌లో పింగాణీ ఇన్సులేటర్లకు పట్టిన ఉప్పు చిటచిటమంటుంది. ఈ పూటా అంటోంది. ఆ చప్పుడు వింటే సింహాచలం బాబాయ్ గుర్తొస్తాడు.

సంతబొమ్మాళి దగ్గర ఈ సబ్‌స్టేషన్‌లో నేను ఆపరేటర్‌గా చేరేనాటికి ఆయన సీనియర్. గోడ మీది లైన్ల పటాన్ని రెండు రోజుల్లో కంఠతా పట్టి అప్పజెప్పాను. ఆయన మెచ్చుకోలేదు.

"బొమ్మలో మనుసులుండరు తల్లీ. కత సెప్పు. కరెంటు టెక్కలి నుంచి మనకాడికొచ్చింది. తరవాతేటయింది?"

డిప్లొమా చదివినదాన్ని, నాకు చిన్నతనంగా తోచింది. అయినా చెప్పాను. కరెంటు మన గేటు దాటి, జీడితోటల పక్కన నడిచి, ఐస్ ఫ్యాక్టరీని పలకరించి జాలరిపేట చేరింది.

"ఆ ఫ్యాక్టరీ ఓనరు ఎలాంటోడు?"

తెలియదన్నాను. మర్నాడు డ్యూటీ దిగాక తన బండి మీద తీసుకెళ్లి చూపించాడు. చేపలు పాడైపోతాయని ఎప్పుడూ కంగారుపడే మనిషి.

"కరెంటు పోనాదనుకో. ఈయన జనరేటర్ ఏసీసేడు. మన లైన్ని విడదీసే స్విచ్చి తిప్పడం మర్సిపోనాడు. అప్పుడు కరెంటు ఎటెల్తాది?"

"వెనక్కి. మనం ఆపిన లైన్లోకే," అన్నాను.

ఎందుకిన్ని కథలని ఒకసారి విసుక్కున్నాను. అప్పుడు చెప్పాడు. ఉద్యోగం కొత్తలో, ఆయన ఆపిన లైను మీదే, వెనక్కొచ్చిన కరెంటు తగిలి ఒక లైన్‌మన్ చనిపోయాడట. "పటం పెకారం అంతా సరిగ్గానే సేసేను. ఆ తీగ సివర ఎవులున్నారో అడగనేదు."

ఆయన రిటైరైన మరుసటి ఏడు తుపానుకు జాలరిపేట దగ్గర తీగ జారింది. గాలి తగ్గాక లైన్‌మన్ ధర్మారావు బాగుచేయడానికి వెళ్లాడు. నేను లైను ఆపి, తాళం వేసి, అతనికి ఫోన్లో చెప్పాను. మీటరు సున్నా చూపిస్తోంది. ఊళ్లోంచి ఒకటే ఫోన్లు, ఇంకెంతసేపమ్మా అని. నా మనసులో మాత్రం కథ మొదలైంది. తుపానుకు ముందు పట్టిన చేపలు ఫ్యాక్టరీలోనే ఉంటాయి. ఓనరు ఇప్పుడేం చేస్తుంటాడు?

ధర్మారావుకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. మూడోసారి ఎత్తాడు.

"అన్నా, స్తంబం ఎక్కీసేవా?"

"ఎక్కబోతన్నాను. ఏటి?"

"ఎక్కొద్దు. ఐస్ ఫ్యాక్టరీలో జనరేటర్ ఏసేరేమో సూడు."

"నువ్వు లైను ఆపీసేవు కదేటి?"

"ఆపీసేను. అయినా సూడు."

ఆ తర్వాత ఇరవై నిమిషాలు. కుర్చీలో కూర్చోకుండా మీటరు ముందే నిలబడ్డాను. ఫోన్ మోగింది.

"ఆడతంది. స్విచ్చి తిప్పనేదు. ఆపించీసేను." మళ్లీ అన్నాడు, "ఈపాటికి నా సెయ్యి తీగ మీదుండాలమ్మా."

మర్నాడు నందిగాంలో బాబాయ్ ఇంటికి వెళ్లి అంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. శెభాష్ అంటాడనుకున్నాను.

"ఆ లైన్లోనే రైసుమిల్లుకీ జనరేటరుంది. అక్కడ అడిగేవా?"

అడగలేదు.

ఇప్పుడు ఆయన లేడు. ఇళ్ల కప్పుల మీదికి సోలార్ పలకలు వస్తున్నాయి. వాటి నుంచీ కరెంటు వెనక్కి రావచ్చు. సెలవు రోజుల్లో బండేసుకుని ఎవరింట్లో ఏముందో కనుక్కుంటాను. ఎంత తిరిగినా నేను అడగని ఇల్లొకటి మిగిలే ఉంటుందనిపిస్తుంది. అందుకే స్తంభం దిగానని లైన్‌మన్ ఫోన్ చేసేదాకా ఈనాటికీ కుర్చీలో కూర్చోలేను.