రెండు పచ్చ లైట్లు

గద్వాలల ఒక ప్రైవేటు దవాఖానల తిరుపతి కంప్యూటర్లు చూసుకుంటడు. పుట్టింది ధరూర్. ఊర్ల ఎవరికి తలకాయ నొచ్చినా, కడుపుల నొచ్చినా ముందుగాల ఆయనకే ఫోన్ జేస్తరు, "తమ్మీ, సార్ ఉన్నడా?" అని. ఇసుక్కోడు. జర ఎచ్చులెక్కువ గాని మనిషి మంచోడు. ఆ ఎచ్చులు గూడ దవాఖాన మెట్ల కింది రూంల ఉన్న రెండు కంప్యూటరు డబ్బాల గురించే.

ఆ డబ్బాల ముచ్చట ఏందంటే, కింద స్కాన్ తీస్తే ఆ బొమ్మ పోయి డబ్బాల చేరుతది. మీది అంతస్తుల డాక్టర్ తన రూంలనే కూసోని అదే డబ్బాల నుంచి తీసి చూస్తడు. ఎనుకట డబ్బా ఒక్కటే ఉండె. ఒకనాడు అది కాలిపోయింది. బొమ్మలు రాక, డాక్టర్ ఏం చెప్పలేక, పేషెంట్లు పొద్దుమూకెదాక బెంచీల మీదనే కూసున్నరు. మేనేజరు తిరుపతిని తిట్టని తిట్టు లేదు. అప్పుడు తిరుపతి పట్టువట్టి ఇంకో డబ్బా తెప్పిచ్చిండు. రెండిట్ల అవే బొమ్మలు. పని జేసేదానికి పచ్చ లైటు, ఖాళీగ కూసున్నదానికి పసుపు లైటు. నడుమ మూరెడు వైరు, మొదటిదాంట్ల వడ్డ బొమ్మ దాని మీదనే రెండోదాంట్లకు పోతది. ఆ వైరు మీద రెండోది మొదటిదాన్ని ఎప్పటికి అడుగుతనే ఉంటది, ఉన్నవా అని. ఉన్న అంటే ఊకుంటది. జవాబు రాకుంటే అది చచ్చిందనుకోని పనంత నెత్తికెత్తుకుంటది, తన లైటు గూడ పచ్చగ జేసుకుంటది.

ఆనాటి సంది దవాఖానల పని ఆగిందే లేదు. కరెంటు పోయినా, పిడుగు వడ్డా బొమ్మ రావాల్సిందే. తిరుపతి ఈ ముచ్చట పెండ్లిళ్లల్ల చెప్పిండు, సావు కాడ గూడ చెప్పిండు. "నీ పెండ్లాం పేరన్న యాదికుంటదారా నీకు? ఎప్పుడు జూడు ఆ డబ్బాల ముచ్చటే" అని వాళ్లక్క జోగులమ్మ ఎక్కిరిస్తుండె. తల్లి పోయినంక తిరుపతిని సాకింది ఆ అక్కనే. ఆమె అంటే ఆయనకు పాణం.

ఇగ దసర వచ్చింది. మనోళ్లు దసరకు దేన్ని ఇడుస్తరు చెప్పున్రి. ట్రాక్టరుకు బొట్టు, కుట్టుమిషినికి బొట్టు, ఆఖరుకు కత్తిపీటకు గూడ బొట్టు. డబ్బాలకు పెట్టకుంటె తిరుపతికి మనసొప్పుతదా? రెండో డబ్బా ఎనక మూలకుంటది, దానికి చెయ్యందదు. వైరు పొట్టిది. వైరు ఊడవీకి, డబ్బాను ముందుకు గుంజి, దుమ్ము తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, రెండిటికి కలిపి ఒక్కటే బంతిపూల దండ ఏసిండు. కొబ్బరికాయ కొట్టంగనే మేనేజరు పిలిచిండు, ప్రసాదం పంచమని. తిరుపతి ఆగమాగంగ డబ్బాను ఎనుకకు నూకి, తలుపేసుకోని పోయిండు. వైరు కొన దండ కింద అట్లనే ఉండిపోయింది. ఆయన పోయినంక రెండో డబ్బా ఎన్నిసార్లు అడిగిందో ఏమో, జవాబు రాలే. మొదటిది బతికే ఉన్నదని దానికి ఎట్ల తెలుస్తది?

తెల్లారి దవాఖాన జాతర లెక్క నిండింది. పొద్దుగాలనే జోగులమ్మ మొగడు రామచంద్రయ్య ఆమెను ఆటోల తీస్కొచ్చిండు. బండి మీద పోతుంటే కుక్క అడ్డమొచ్చి కిందవడ్డరంట, కల్వర్టు గోడకు ఆమె తల తాకిందంట. రక్తం రాలే. నడుస్తున్నది, నవ్వుతున్నది.

"డబ్బాలకు దండలేసినవంట గదరా. అక్కకు జమ్మి ఆకు ఇద్దామని రాకపోతివి" అన్నది.

"సందేళ వస్తనక్కా. ముందుగాల స్కాన్ తీపిద్దాం పా" అన్నడు తిరుపతి.

స్కాన్ అయ్యింది. అక్కాబావలను మీదికి తోలి ఆయన బిల్లు కౌంటరు ప్రింటరు బాగుజేస్తుండు. జరసేపటికే అక్క కిందికి దిగింది.

"ఏం లేదన్నడు సార్. నొప్పి గోలీలు రాసిండు. ఇంటికి పోయి పండుకోమన్నడు."

తిరుపతికి గుండెల మీది బండ దించినట్టయ్యింది. అక్కను తానే చెయ్యి వట్టి ఆటో ఎక్కిచ్చిండు. "బావా, మెల్లగ తీస్కపో. ఇంట్ల ఏం పని చేయనియ్యకు, నిద్రవోనియ్యి" అని చెప్పిండు.

ఆటో పోయి శానసేపయినంక డాక్టర్ రూంల కూసునే సుహాసిని ఫోన్ జేసింది. "అన్నా, కొత్త పేషెంట్ల బొమ్మలు వస్తలేవు. పాతోళ్లయే వస్తున్నయ్."

"అట్లెట్ల? కింద అన్ని కనవడ్తున్నయ్ గదా" అనుకుంటనే తిరుపతి మెట్ల కింది రూం తలుపు తీసిండు. రెండు డబ్బాలకు పచ్చ లైటే ఉన్నది. రెండూ మంచిగనే గుయ్యిమంటున్నయ్. ఇన్నేండ్లల్ల రెండు పచ్చ లైట్లు ఆయన ఎన్నడు చూడలే. దండ లేపిచూస్తే కింద వైరు కొన వేలాడుతున్నది.

రెండో డబ్బా నిన్నటి సందే తానే పెద్దదాన్నని కూసున్నది. మొదటిది గూడ దిగలే. ఇయ్యాల తీసిన స్కాన్లన్ని మొదటిదాంట్లకు పోతున్నయ్. మీది డాక్టర్‌కు దొరికింది రెండోది. దాంట్ల నిన్నటిదాక ఉన్నయే ఉన్నయ్.

పాతోళ్లయే వస్తున్నయ్. ఆ మాట అప్పుడు తలకెక్కింది తిరుపతికి. రెండేండ్ల కింద తలనొప్పి అంటే అక్కకు ఇక్కడనే స్కాన్ తీపిచ్చిండు. అప్పుడు ఏం రాలే. డాక్టర్ చూసింది ఆ బొమ్మనే. తారీఖు మూలకు చీమ తలకాయంత ఉంటది, బయట అంత మంది కూసున్నంక చూసెటోడెవడు? డబ్బా ఎనుకటి లెక్క ఆగిపోయినా బాగుండు. అక్క బెంచీ మీద కూసోని ఉంటుండె. తలకు దెబ్బ అంటే కింది నుంచి ఫిల్మన్న చేతుల వట్టుకపోయి చూపిస్తుండె.

వైరు మీదికి చెయ్యి పోయింది. మల్ల గుంజుకున్నడు. ఇప్పుడు వైరు పెడ్తే రెండూ ఒకటవుతయ్, ఏది దేన్ని తుడిచేస్తదో తెల్వదు. ఇయ్యాలటి బొమ్మలే పోతె? రెండో డబ్బా ప్లగ్గు గుంజేసి మెట్లెక్కి ఉరికిండు.

"సార్, మా అక్క బొమ్మ ఇంకోపారి తీసి చూడున్రి. పొద్దుగాల మీరు చూసింది పాతది."

సుహాసిని పేరు కొట్టింది. ఈసారి ఇయ్యాలటి తారీఖు వచ్చింది. పుర్రె లోపల ఒక పక్కకు తెల్లగ ఇంత మందం పేరుకోని ఉన్నది. తిరుపతి ఏం డాక్టర్ సదువు సదవలే గాని అది ఉండకూడనిదని ఆయనకు గూడ తెలిసింది.

"లోపల రక్తం పేరుకున్నది. ఎక్కడున్నదామె?" అన్నడు డాక్టర్.

"ధరూర్‌కు పోయింది సార్."

"ఫోన్ చెయ్యి. స్పీకర్ల పెట్టు."

బావ శానసేపటికి ఎత్తిండు. గొంతు తగ్గించి మాట్లాడ్తుండు.

"జర మెల్లగ మాట్లాడు బామ్మర్దీ. మీ అక్క పండుకున్నది. నువ్వు చెప్పినవని పిల్లలను గూడ బయటికి తోలిన, సప్పుడు చేయొద్దని. మంచిగ నిద్రవట్టింది. ఎన్నడు లేనిది గురక గూడ పెడ్తున్నది, అంత అలిసిపోయింది పాపం."

గురక మాట ఇనంగనే డాక్టర్ లేసి నిలవడ్డడు. "అది నిద్ర గాదు, లేపుమను" అన్నడు.

"బావా, అక్కను లేపు" అన్నడు తిరుపతి.

"ఇప్పుడే గదరా పండుకున్నది..."

"నీ కాళ్లు మొక్కుత బావా, లేపు."

ఫోన్ పక్కకు పెట్టిన సప్పుడయ్యింది. బావ మెల్లగ పిలిచిండు. మల్ల గట్టిగ పిలిచిండు. భుజం వట్టి ఊపుతున్నడేమో, మంచం కిర్రుమంటున్నది. ఇగ పేరు వెట్టి మొత్తుకుంటున్నడు, జోగులమ్మా, జోగులమ్మా అని. ఆ మొత్తుకునుడు నడుమ నుంచి అక్క గురక అట్లనే ఇనొస్తున్నది.