వెలుతురు కాగితం

రెండు వేల మూడులోనో నాలుగులోనో, టేకులపల్లి అడవి వైపు ఒక రాత్రి ఆకాశంలో పెద్ద వెలుగు కనబడింది. చప్పుడు లేకుండా వచ్చి గుట్టల వెనక్కి పోయింది. విమానం కూలిందన్నారు కొందరు, అన్నలు సిగ్నల్ ఇచ్చారన్నారు కొందరు. కొద్ది రోజులకే విచారణ కోసం ఎమ్మార్వో, ఎస్సై, ఫారెస్టు వాళ్లు జీపుల్లో మా గూడేనికి వచ్చారు.

నేనక్కడ బడి నడిపే విద్యా వాలంటీర్ని. కోయ మాట వచ్చు కాబట్టి, చూసినవాళ్లు చెప్పేది సార్లకు తెలుగులో చెప్పమని నన్ను నిలబెట్టారు.

ఒకామె చాటంత వెలుగన్నది. కాదు, గుమ్మడికాయంతే అన్నాడు ఆమె మొగుడు.

"తాగి పడుకున్నోడివి, నీకెట్ల కనబడ్డది? కలల జూసినవా?" అన్నదామె. నేను తెలుగులో చెప్పేసరికి ఎస్సై కూడా నవ్వాడు.

తర్వాత, నేను మామా అని పిలిచే రైతు వచ్చాడు. గుట్ట వాలులో అడవి కొట్టి జొన్న వేసుకునేవాడు. ఆ పోడు చేనుకు పట్టా లేదు. ఆ రాత్రి చేన్లో మంచె మీద పందులకు కాపలా ఉన్నాననీ, వెలుగు మూడు ముక్కలై గుట్ట అవతల పడిందనీ కోయలో చెప్పాడు.

"ఎక్కడి నుంచి చూసిండట?" అన్నాడు ఎమ్మార్వో.

పక్కనే ఫారెస్టు గార్డు ఉన్నాడు. పోడు మాట బయటపడితే కేసు పెడతారు. నేను ఎమ్మార్వో వైపు వంగి, "ఇంటి ముందు మంచంలో పడుకొని చూశాడట సార్" అన్నాను. మామకు వినబడలేదు. ఎమ్మార్వో అలాగే రాసుకున్నాడు. మామ వేలిముద్ర వేశాడు.

వాళ్లు గుట్ట అవతల వెతికారు. ఏమీ దొరకలేదు. ఏ రాకెట్టు ముక్కో, ఉల్కో అయి ఉంటుందని వెళ్లిపోయారు. నేను అన్న మాట మామకు తర్వాత చెబుదామనుకున్నాను. చెప్పలేదు.

కొన్నేళ్లకు పోడు భూములకు పట్టాలిచ్చే చట్టం వచ్చింది. ముందు నుంచీ సాగులో ఉన్నట్టు రుజువు చూపాలి. మామ నేరుగా బడికే వచ్చాడు.

"సారూ, మనకు సర్కారు కాగితమే ఉన్నది గదా! ఎలుతురు పోయిన్నాడు నేను చేన్ల మంచె మీదున్ననని వాళ్లే రాసుకున్నరు. జల్దీ పా, తీస్కొద్దాం."

"నువ్వెందుకు మామా, బస్సు కిరాయి దండగ. నేను తెస్తా" అన్నాను.

ఆఫీసులో గుమాస్తా కట్టలు విప్పి, దుమ్ము దులిపి కాగితం నా చేతిలో పెట్టాడు. ఇంటి ముందు మంచం అనే ఉంది. ఎవరికైనా చెప్పి సరిచేయించాల్సింది. అప్పుడే నాకు పర్మినెంటు ఉద్యోగం ఆర్డరు వచ్చింది. సరిచేయించాలంటే అధికారుల ముందు అబద్ధం చెప్పానని ఒప్పుకోవాలి, ఆ ఉద్యోగం పోతుందేమో. కాగితం తిరిగిచ్చి వచ్చేశాను.

"దొరకలేదు మామా. ఆఫీసోళ్లు పారేసిండ్రట" అన్నాను.

రుజువు లేదని దరఖాస్తు పోయింది. ఇప్పుడు ఆ వాలంతా ఫారెస్టు వాళ్లు వేసిన జామాయిల్ చెట్లు.

మామ ఆ కాగితం కోసం ఏళ్లతరబడి ఆఫీసుకు తిరిగాడు. గుమాస్తా ఉన్న కాగితం చదివి వినిపిస్తే, మంచం అని ఉన్నది తనది కాదన్నాడు; డబ్బు తిని అసలుది మాయం చేశాడని కనబడిన ప్రతివాడికీ చెప్పాడు. 'ఎలుతురు మింగినోడు' అని జనం గుమాస్తాకు పేరు పెట్టారు. ఆయన ఆ పేరుతోనే రిటైరయ్యాడు.

పోయిన ఎండాకాలం మామకు అంతా చెప్పాను. తునికాకు కట్టలు కడుతున్నాడు. చేతులు ఆగలేదు.

"అయితే ఆ గుమాస్తా బాబు తప్పేం లేదా?"

"లేదు మామా."

"అంగట్ల ఆయన గల్లా పట్టుకున్న సారూ. ఆయన పెండ్లాం ముంగట." ఇంకో కట్ట కట్టాడు. "భూమి ఎట్లనో పోయింది. పో, పొయ్యి ఆయనకు చెప్పు. నాకు చెప్తే ఏమొస్తది?"

ఆ గుమాస్తా ఇప్పుడు జూలూరుపాడులో ఉంటున్నాడు. రెండుసార్లు బస్సెక్కాను. రెండుసార్లూ ఊరు రాకముందే దిగిపోయాను. అందుకే ఇది రాస్తున్నాను. ఆయన ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. ఏ కాగితమూ పోగొట్టలేదు.