శుక్రవారం పసుపు

చలికాలంలో మా క్వార్టర్ బాల్కనీలోకి ఎండ భోజనాల వేళకి వస్తుంది, సాయంత్రం టీ పెట్టేలోపే ఎదుటి బ్లాకు మీదికి వెళ్ళిపోతుంది. ఆ కాస్త ఎండ కోసం మా వారు మడత కుర్చీ వేసుకుని, మంకీ క్యాప్ చెవుల మీదికి లాక్కుని, ఒళ్ళో పేపరు పరుచుకుని కళ్ళు మూసేవారు. నేను పక్కనే పీట మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ ఆయన ఊపిరి వినేదాన్ని.

పేరుకే చిక్కుడుకాయలు. చేతుల పని చేతులు చేసుకుపోయేవి, చెవులు మాత్రం ఆయన ముక్కు దగ్గరే కాపలా ఉండేవి. ఊపిరి లోపలికి వెళ్ళేది, బయటికి వచ్చేది. మధ్యలో కాస్త ఆలస్యమైతే నా చేతిలో కాయ అలాగే ఆగిపోయేది. మళ్ళీ గుర్రుమని వినిపిస్తే అప్పుడు ఈనె లాగేదాన్ని. ఎండకి కళ్ళు బరువెక్కి, కొంచెంసేపటికి ఊపిరి తీస్తున్నది ఆయనో, నేనో, బాల్కనీయో తెలిసేది కాదు. అయినా నిద్ర మాత్రం వచ్చేది కాదు.

అంతకుముందు వానాకాలంలో ఆయనకి గుండెపోటు వచ్చింది. ఆఫీసులో, ఫైలు చూస్తూ చూస్తూ కుర్చీలోనే పక్కకి ఒరిగిపోయారట. స్టెంటు వేశారు. అంతా బాగుందనీ, మామూలుగా తిరగొచ్చనీ, ఆఫీసుకి కూడా వెళ్ళొచ్చనీ డాక్టరు చెప్పారు. ఆయన మామూలుగానే ఉన్నారు. నేనే మామూలుగా ఉండడం మర్చిపోయాను. ఒక్కరినీ పార్కుకి పంపేదాన్ని కాదు. స్నానాల గది గడియ పెట్టుకోనిచ్చేదాన్ని కాదు. నా పోరు పడలేక సెలవు పొడిగించారు, ఆ సెలవు కూడా అయిపోవస్తుంటే వాలంటరీ రిటైర్మెంట్ తీసుకోండని కొత్త పాట ఎత్తుకున్నాను.

"ఇదిగో, ఆఫీసులో అంతమంది నా సంతకం కోసం నిలబడతారు. నేను పార్కుకెళ్ళాలంటే నీ పర్మిషన్ కావాలా?" అనేవారు మొదట్లో నవ్వుతూ.

పోనుపోను ఆ నవ్వు తగ్గిపోయింది. ఆఫీసు ఆయనకి ప్రాణం. నేనిలాగే పట్టుకు కూర్చుంటే డాక్టర్లు బతికించిన మనిషిని నేను బతకనివ్వనని నాకూ తెలుస్తూనే ఉండేది. తెలిసినా వదల్లేకపోయేదాన్ని.

గుర్గావ్‌లో ఉద్యోగం చేసే మా అమ్మాయి ఒక ఆదివారం వచ్చి నా మొహం కేసి చూసి, "మమ్మీ, ఆప్ సోతీ నహీఁ హో క్యా?" అంది, నిద్రపోవడం లేదా అని. నేను తెలుగులో అడుగుతాను, అది హిందీలో చెబుతుంది, మా ఇంట్లో మాటలన్నీ అలాగే నడుస్తాయి. దాని స్నేహితురాలి తల్లికి నిద్ర పట్టించిన సూదుల వైద్యం ఒకటి ఉందట. ఫైవ్ ఎలిమెంట్ ఆక్యుపంక్చర్. ఒక్కో రోగానికి ఒక్కో మందు ఇచ్చే పద్ధతి కాదట, మనసూ ఒళ్ళూ కలిపి మొత్తం మనిషిని చూస్తారట.

"పంచభూతాలన్నమాట," అన్నాను నేను, తెలిసిన విషయమేగా అని.

అమ్మాయి ఫోన్‌లో వెతికి చదివింది. చెట్టు, నిప్పు, మట్టి, లోహం, నీరు. మా వారు మంకీ క్యాప్ తీసి మరీ విన్నారు.

"గాలీ లేదు, ఆకాశమూ లేదు. ఇవేం పంచభూతాలోయ్?" అన్నారు. మళ్ళీ ఆయనే, "సర్లే, ఈ ఢిల్లీలో ఆ రెండూ ఎలాగూ లేవు. వెళ్ళిరా," అన్నారు.

వెళ్ళి రావడమేమిటి, ఆయన్ని వదిలి? ఆయన్నీ వెంటబెట్టుకునే వెళ్ళాను. మంచి పని కాబట్టి శుక్రవారం మొదలుపెడదామని నేనే అడిగాను. శుక్రవారం అంటే నాకు తలంటు, మొహానికి పసుపు, తడి జుట్టుకి సాంబ్రాణి పొగ. మా అమ్మ దగ్గర అబ్బిన అలవాటు, ఢిల్లీ చలిలో వణుకుతూ కూడా మానలేదు.

ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఒక సన్నని మేడ. కింద అంతస్తులో పరీక్షలకి చదివే పిల్లల రీడింగ్ రూమ్, పైన ఈ వైద్యశాల. మెట్ల గోడ పొడుగునా కోచింగ్ పోస్టర్లు. పైన రెండే గదులు, మధ్యలో ఒక నీలం కర్టెన్. మా వారిని బయటి గదిలో కూర్చోబెట్టి నేను లోపలికి వెళ్ళాను. ఆవిడ పంజాబీ మనిషి, ఇంచుమించు నా ఈడుది, నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. ఇంగ్లండులో ఈ విద్య నేర్చుకుని వచ్చిందట.

"పహలే ఏక్ బాత్, దీదీ. డాక్టరిచ్చిన మందు ఏదున్నా ఆపొద్దు. ఇది దానికి తోడు, అంతే," అంది హిందీలో.

ఆ మాటతో నాకు ఆవిడ మీద గురి కుదిరింది. ఏ ఋతువు ఇష్టం, ఏ రుచి ఇష్టం, పొద్దున్న బాగుంటుందా సాయంత్రం బాగుంటుందా అని అడిగింది. నేను అన్నిటికీ మా వారి సంగతులే చెప్పుకొచ్చాను. ఆవిడ నన్ను కిటికీ వెలుతురులోకి తిప్పి చెవి పక్కన, పెదాల చుట్టూ చూసింది. జాకెట్టు కాస్త వదులు చేయించి వీపు దగ్గర వాసన పీల్చింది. సిగ్గుతో చచ్చినంత పనైంది నాకు. తర్వాత రెండు మణికట్లూ ఒకదాని తర్వాత ఒకటి పట్టుకుని చాలాసేపు నాడి చూసింది. మనలో ఆ ఐదూ ఉంటాయట. వాటిలో ఒకటి కుంటుతుందట. ఏది కుంటుతోందో మొహం రంగులో, గొంతులో, వాసనలో, మనసు తీరులో బయటపడుతుందట.

"ఆప్ ధర్తీ హైఁ," అని తేల్చింది చివరికి. మట్టి. మొహంలో పసుపు ఛాయ, మాటలో పాట, ఒంట్లో తియ్యటి వాసన, మనసులో ఎప్పుడూ ఇంకొకరి గురించే బెంగ. అన్నీ కుదిరాయంది.

నాకు లోపల గర్వంగా కూడా అనిపించింది. ఇంటికొస్తూ దారిలో చెబితే, "భూదేవివన్నమాట! ఆ ఓర్పు చూసినప్పుడే అనుకున్నాను," అన్నారు మా వారు. మెట్రోలో ఎవరో తిరిగి చూసేంత గట్టిగా నవ్వారు.

సూదులు అనుకున్నంత భయపెట్టలేదు. చీమ కుట్టినంత, వెంటనే తీసేసేది. దానికి ముందు ఎండుటాకు పొడిని గోరంత ముద్దలు చేసి మోకాలి కింద పెట్టి వెలిగించేది. చురుక్కుమనేలోపు తీసి పారేసేది. మొదటిసారి ఆ పొగ ముక్కుకి తగలగానే లేచి కూర్చున్నాను. మాచిపత్రి! వినాయక చవితి నాడు పత్రిలో వచ్చే మాచిపత్రి. ఎక్కడి ఇంగ్లండు విద్య, ఎక్కడి మా గోదావరి జిల్లా పూజగది. ఆవిడకి చెబితే కళ్ళు పెద్దవి చేసుకుని ఆకు పేరు రెండుసార్లు పలికించుకుంది.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం ఆ తెల్ల దుప్పటి మీద పడుకుని తేలిపోయేదాన్ని. కింద రీడింగ్ రూమ్‌లో కుర్చీలు జరిగిన చప్పుడు, ఏసీ డబ్బా మీద పావురాల గుబగుబ, పొగలో పచ్చి ఆకుల జ్ఞాపకం. ఎవరివో గాజుల చేతులు నీళ్ళు చల్లి పత్రి విడదీసేవి. ఆ చేతులు మా అమ్మవనుకుంటే అమ్మవి, కావనుకుంటే కావు. కర్టెన్ అవతల మా వారు దగ్గితే చాలు, చేతులూ ఆకులూ పోయి నేను మళ్ళీ ఢిల్లీలో ఉండేదాన్ని.

ఇంటికొస్తే మామూలే. చెవులు కాపలాకి వెళ్ళిపోయేవి. ఆవిడ నాడి పట్టుకుని ప్రతిసారీ తల అడ్డంగా ఊపేది. మొహం మట్టినే చెబుతోంది, నాడి మాత్రం ఒప్పుకోవడం లేదనేది. నేను జాలిపడి, "కోయీ బాత్ నహీఁ అండీ, మీ ప్రయత్నం మీరు చేస్తున్నారు కదండీ," అని దీర్ఘాలు తీసి ఓదార్చేదాన్ని. నా హిందీకి తోకగా 'అండీ' రాకుండా ఎన్నేళ్ళున్నా ఢిల్లీ ఆపలేకపోయింది.

ఒక వారం ఆవిడ ఫోన్ చేసి, శుక్రవారం బంధువుల పెళ్ళి ఉంది, గురువారం వస్తారా అని అడిగింది. గురువారం తలంటూ లేదు, పసుపూ లేదు. వంట దించి, చన్నీళ్ళతో మొహం కడుక్కుని బయల్దేరాను. దారిలో మా వారు వాలంటరీ రిటైర్మెంట్ మాట మీద నాతో గట్టిగా పోట్లాడారు.

"సోమవారం ఆఫీసుకెళ్తున్నా. నువ్వు ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా," అని ముగించారు.

లోపలికి వెళ్ళగానే ఆవిడ నన్ను కిటికీ దగ్గరే ఆపేసింది.

"దీదీ, మీ రంగు ఏది?"

"ఏ రంగండీ?"

"పసుపు. ప్రతి శుక్రవారం ఉండేది."

"హల్దీ హై అండీ," అన్నాను. "శుక్రవారం రాసుకుంటాం కదా. ఇవాళ గురువారం."

ఆవిడ బొటనవేలితో నా చెంప తుడిచి చూసుకుంది. మరి ఆ తియ్యటి వాసనేమిటంది. సాంబ్రాణి గురించి చెప్పాను. ఆ పాట లాంటి గొంతేమిటంది. మా గోదావరి వైపు అందరం అంతేనన్నాను. ఆవిడ కుర్చీలో కూలబడి కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వింది. ఇన్ని వారాలుగా మీ పూజకి వైద్యం చేశానంది. నాకూ నవ్వొచ్చింది. మొహం శుభ్రంగా కనిపించాలని రాసుకున్న పసుపు నా మొహాన్నే కప్పేస్తుందని నేను మాత్రం కలగన్నానా?

నవ్వు అయిపోయాక ఆవిడ నా చెయ్యి అందుకుంది. కళ్ళ పక్కన నీలం ఉందంది. ఇప్పుడు మీ గొంతులో పాట కూడా లేదు, మూలుగుంది అంది. నీలమూ మూలుగూ నీటి గుర్తులట. నీరు కుంటితే బయటపడేది భయమట. బెంగ వేరు, భయం వేరంది. బెంగ ఇంకొకరి గురించి. భయం మాత్రం మనదే.

"కిస్ బాత్ కా డర్ హై, దీదీ?" అంది. దేనికి భయమని మెల్లగా అడిగింది.

అప్పటిదాకా నన్ను అలా ఎవరూ అడగలేదు. ఆస్పత్రిలో అందరూ ఆయనకెలా ఉందనే అడిగారు. నేనూ అదే అడిగాను. నోరు తెరిస్తే నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"ఆయన ఊపిరి ఆగిపోతుందని. ఆగినప్పుడు నేను వినకుండా ఉంటానని. ఆయన లేకపోతే నేను ఉండలేను, నాకు చాలా భయంగా ఉంది," అన్నాను. సగం హిందీలో, సగం తెలుగులో. ఆవిడకి ఎంత అర్థమైందో నాకు తెలియదు. ఏడ్చాను.

ఆవిడ చీలమండ లోపలి పక్కన సూది పెట్టింది. పాదాల మీద దుప్పటి కప్పి చెయ్యి అక్కడే ఉంచింది. ఈసారి ఆకులూ రాలేదు, గాజుల చేతులూ రాలేదు. ఏమీ లేని చోటికి వెళ్ళిపోయాను.

లేచేసరికి కిటికీలో వెలుతురు మారిపోయింది. కర్టెన్ తీస్తే బయటి కుర్చీ ఖాళీగా ఉంది. నా ప్రాణాలు పైకే పోయాయి.

"కరోల్ బాగ్ వెళ్ళారు, కాఫీ పొడికి," అంది ఆవిడ. "మిమ్మల్ని లేపొద్దన్నారు."

చెప్పులు వేసుకోబోయి మెట్ల మీదే కూర్చుండిపోయాను. కోచింగ్ పోస్టర్ల మధ్య, పుస్తకాల సంచులతో ఎక్కేవాళ్ళకీ దిగేవాళ్ళకీ మోకాళ్ళు అడ్డం తీసుకుంటూ. చెవులకి ఏ పనీ లేదు, అంత దూరం అవి వినలేవు. చేసేదేమీ లేక ఊరికే ఎదురుచూశాను. కాసేపటికి కాఫీ పొడి వాసన ముందొచ్చింది, వెనకాల ఆయన వచ్చారు.

మెట్రో వైపు నడుస్తుంటే ఆయన కాఫీ పొడి పొట్లం చెయ్యి మార్చుకున్నారు. తర్వాత, "కర్టెన్ పల్చనిదోయ్. అంతా వినపడింది," అన్నారు.

నేను తల దించుకున్నాను.

"ఒకటి చెబుతా, తిట్టకు. బాల్కనీలో నేను ఒక్క రోజూ నిద్రపోలేదు."

"అదేంటండీ? గురక కూడా పెట్టేవారుగా?"

"నీ చేతిలో కాయ ఆగిపోయేది చూడూ, ఆ చప్పుడు ఆగిందంటే నీకు నా ఊపిరి వినపడలేదని తెలిసేది. అప్పుడు కాస్త గట్టిగా పీల్చేవాణ్ణి. నువ్వు మళ్ళీ ఈనె తీసేదానివి. రాత్రుళ్ళూ అంతే."

"మరి మీ నిద్రో?"

"నువ్వు పడుకుంటే నేనూ పడుకుందామని చూస్తున్నా," అన్నారాయన. మెట్రో గేటు దగ్గర కార్డు కోసం జేబులు తడుముకుంటూ, నా మొహం చూడకుండా.

ఆదివారం మళ్ళీ ఎండ వచ్చింది. ఆయన కుర్చీ వేసుకుని, "ఇవాళ గురక పెట్టనోయ్. నిజంగానే పడుకుంటున్నా," అని క్యాప్ కళ్ళ మీదికి లాక్కున్నారు. నిజం నిద్రలో ఆయన ఊపిరికి చప్పుడే లేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ సంగతి నాకు ముందే తెలిసి ఉండాలి, వానాకాలం తర్వాత మర్చిపోయినట్టున్నాను. నా చేతిలో చిక్కుడుకాయ ఆగింది. ఏమీ వినపడలేదు. భయం వేసింది. వేసినా ఈనె తీశాను. ఇంకో కాయ అందుకున్నాను. ఎండ మోకాళ్ళ మీద వెచ్చగా ఉంది.

మెలకువ వచ్చేసరికి ఎండ ఎదుటి బ్లాకు మీదికి వెళ్ళిపోయింది. నా మీద ఆయన శాలువా ఉంది. ఒళ్ళో ఉండాల్సిన పళ్ళెం పక్కన ఉంది, కాయలన్నిటికీ ఈనెలు తీసేసి ఉన్నాయి. మడత కుర్చీలో ఎవరూ లేరు, గుమ్మంలో ఆయన వాకింగ్ బూట్లూ లేవు.

ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. మళ్ళీ అక్కడే పెట్టేసి, కూర పొయ్యి మీద వేశాను.