ఆరో పాయింటు

ఎనిమిదేళ్ళుగా ఒక కాగితం నా టూల్ బాక్సు అడుగున ఉంది. బాక్సు మార్చాను, కాగితం మాత్రం పారేయలేకపోయాను. దాని సంగతి నా భార్యకు కూడా తెలియదు. మీకు చెబుతున్నాను.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు, ఐ.టి.ఐ. పాసై జహీరాబాద్‌లో ఒక లేత్ వర్క్‌షాపులో చేరాను. పక్క మిషన్ మీద బస్వరాజ్ పనిచేసేవాడు. న్యాల్‌కల్ ఊరివాడు, నా ఈడువాడే. ఒకరోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. "ఉస్తాద్, నేను సస్తున్న" అన్నాడు. వర్క్‌షాపు యజమాని ఉస్తాద్ పరుగెత్తుకొచ్చి వాడి తల ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఫికర్ చెయ్యకు బేటా, నేనున్న గద."

దవాఖానలో గుండె బాగానే ఉందన్నారు. తర్వాత మరో రెండుసార్లు అట్లాగే అయింది. ప్రతిసారీ చాయ్, ఫ్యాన్ కింద మంచం, తలమీద ఉస్తాద్ చెయ్యి.

నాకు కడుపు మండింది. ఎందుకో నాకు తెలుసు. అదే భయం నాకు రెండేళ్ళుగా ఉంది. ఇనుప ముక్కను పట్టి తిరిగే చక్‌లోకి నా చెయ్యి నేనే పెట్టేస్తానేమో అనిపించేది. గుండె ఇప్పుడే ఆగిపోతుందనిపించేది. ఎడమచెయ్యి జేబులో పెట్టుకుని, వంద లెక్కపెట్టి, మళ్ళీ పనిలో పడేవాణ్ణి. ఎవరూ చూడలేదు. చూడనిచ్చానా?

వాడు మొదటిసారి కూలబడడానికి ముందు వారమే ఇద్దరం కలిసి మ్యాట్నీ చూశాం. చావు భయం పట్టిన హీరో కథ. భయం వస్తే ఉరుములు, హాలంతా గుండె చప్పుడు, అద్దంలో వాడి బొమ్మే వాణ్ణి చూసి నవ్వడం. తల్లి తల నిమిరితే అంతా మాయం. జనం కళ్ళు తుడుచుకున్నారు. నా భయానికి చప్పుడే లేదు. అది వచ్చినప్పుడు మిషన్ తిరుగుతూనే ఉంటుంది, ఎవరో బీడీ అడుగుతూనే ఉంటారు. బస్వరాజ్‌ది మాత్రం చూసేవాళ్ళకు సినిమాలాగే ఉండేది. అందుకే నమ్మారు. అందుకే నమ్మకుండా చేయడమూ తేలికని నాకు తోచింది.

గీతల కాగితం మీద రాశాను. సినిమాలో ఉన్నవి, వీడు చేస్తున్నవి. ఛాతీ పట్టుకోవడం. చెమట. గుడ్లప్పగించడం. నీళ్ళడగడం. సస్తున్న అనడం. వేళ్ళ కొసలు తిమ్మిరెక్కడం. ఆరు పాయింట్లు. ఉస్తాద్‌కు వీడు సినిమా చూసి నటిస్తున్నాడని చదివి వినిపించాను. కాగితం మళ్ళీ నా బాక్సులో పెట్టాను.

మళ్ళీ వాడు కూలబడినప్పుడు ఉస్తాద్ కుర్చీలోంచి లేవలేదు. "ఏం హీరో, ఇంటర్వెల్ అయిందా? లెవ్వు, లెవ్వు." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాడు లేచి మిషన్ ఆన్ చేశాడు.

ఆ సాయంత్రం బస్వరాజ్ పానా కోసం నా బాక్సు తెరిచి, ఆ కాగితం చూశాడు. నిలబడే చదివాడు.

"ఆరోది సినిమాల లేదు గద."

నేను కుడిచేత్తో మిషన్ తుడుస్తున్నాను.

"ఆ తిమ్మిరి సంగతి నేను ఎవ్వలకు చెప్పలే. నీకెట్ల ఎర్క?"

"ఊకె రాసిన."

వాడు నా జేబు వైపు చూశాడు. ఎడమచెయ్యి అందులోనే ఉంది. కాగితం మడిచి, ఉన్నచోటే పెట్టాడు.

మర్నాటి నుంచి పనికి రాలేదు. ఊళ్ళో సేద్యం చేస్తున్నాడనీ, కూలబడితే దయ్యమని మంత్రం వేయిస్తున్నారనీ విన్నాను. న్యాల్‌కల్ బస్సు మా వర్క్‌షాపు ముందే ఆగుతుంది. ఒక్కసారీ ఎక్కలేదు. ఉస్తాద్ చెయ్యి నా తలమీదికీ రాలేదు.

ఆరోది సినిమా చూసి రాసింది కాదు, బస్వరాజ్‌ను చూసి రాసిందీ కాదు. అది నాది. "నాకు గూడ అయితది" అని అంటే సరిపోయేది. ఆ మాట వాడికి చెప్పాల్సింది, మీకు చెప్పాను. ఇది రాస్తున్నంతసేపూ ఎడమచెయ్యి బల్లమీదే ఉంది.